ఇందిరకు వకాల్తా అక్కర్లేదు

నవలలు చదివే నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి మాట ఇందిర మీదికి వచ్చి తీరుతుంది. ఏ ఇందిర అని అడక్కండి, ‘కాలాతీత వ్యక్తులు’ ఇందిరే. అప్పటిదాకా కాఫీ చల్లార్చుకుంటూ నెమ్మదిగా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆ పేరు వినగానే సర్దుకుని కూర్చుంటారు. ఒట్టి స్వార్థపరురాలండీ అని ఒకరంటారు. ఆ తండ్రితో, ఆ ఇంట్లో, ఆ జీతంతో మీరుండి చూడండి, అప్పుడు మాట్లాడదాం అని ఇంకొకరు లేస్తారు. వంటింట్లోంచి ఎవరో తొంగిచూసి, మగవాడైతే ఇన్ని మాటలనేవారా అని ఒక మాట విసిరి వెళ్ళిపోతారు. నాకీ తగువంటే ప్రాణం. పుస్తకం వచ్చి అరవై ఏళ్ళు దాటిపోయింది. అందులోని మనిషి ఎన్నడూ పుట్టలేదు, ఎన్నడూ పోలేదు. అయినా ఆమె మంచిచెడ్డల గురించి ఇన్ని ఇళ్ళలో ఇంత పట్టుదలగా మాట్లాడుకుంటున్నారంటే, రాసినావిడకు అంతకన్నా ఏం కావాలి?

రాసింది డాక్టర్ పి. శ్రీదేవి. పేరుకు ముందు డాక్టరన్నది నిజంగా వైద్యం చేసే డాక్టరే. గోరాశాస్త్రి సంపాదకత్వంలోని ‘తెలుగు స్వతంత్ర’లో 1957-58 ప్రాంతంలో ఈ నవల సీరియల్‌గా వచ్చింది. అనకాపల్లిలో 1929లో పుట్టిన శ్రీదేవి 1961లోనే కన్నుమూశారు. ఇంత చిన్న జీవితంలో అంత పెద్దమనసుతో, అంత నిర్మొహమాటంగా మనుషుల్ని ఎప్పుడు చూశారా అనిపిస్తుంది. ఈ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. సరదా సినిమా, పాటలు ఇప్పటికీ వింటాం, కానీ ఇందిర కోసం వెతుక్కోవాలంటే పుస్తకం దగ్గరికే వెళ్ళాలి.

చదవనివాళ్ళ కోసం కథ కాస్త చెప్పాలి. ఊరు విశాఖపట్నం. ఇందిర ఉద్యోగం చేసుకుంటూ తండ్రి ఆనందరావును పోషిస్తుంటుంది. ఆ తండ్రి కూతురి సంపాదన మీద బతుకుతూ కూడా తన సరదాలేవీ మానుకోని మనిషి. ప్రకాశం వైద్యవిద్యార్థి. నెమ్మదస్తుడు, చూడగానే పాపం అనిపించే కుర్రాడు. కల్యాణి చదువుకోడానికి వచ్చి ఇందిర ఉండే ఇంట్లోనే చేరుతుంది. ప్రకాశం మనసు కల్యాణి వైపు మొగ్గుతున్నట్టు ఇందిరకు అర్థమవుతుంది. ఊరుకోదు. మధ్యలోకి వస్తుంది. కల్యాణికి నిలవనీడ పోయినా ఆమెకు అక్కర్లేదు. ప్రకాశం తనకు కావాలి, అంతే. ఆ ప్రకాశం చివరికి పెళ్ళిమాట వచ్చేసరికి మేనమామ చెప్పినట్టు విని తప్పుకుంటాడు. ఇందిర కూలిపోయి కూర్చోదు. కృష్ణమూర్తిని పెళ్ళి చేసుకుని తన బతుకు తాను చూసుకుంటుంది.

ఇప్పుడు చెప్పండి, ఈమె మంచిదా చెడ్డదా?

మొదటిసారి చదివేటప్పుడు ఈ ప్రశ్న అడక్కుండా ముందుకు పోలేం. ఎందుకంటే ఈ మనిషి రేపేం చేస్తుందో మనకు తెలియదు. తెలియని మనిషిని నమ్మాలా వద్దా అన్న ఆత్రం ఉంటుంది కదా, పేజీ తిప్పించేది అదే. పైగా ఇది వారం వారం వచ్చిన కథ. ఒక వారం ఇందిర చేసిన పనికి పళ్ళు నూరుకుని, మళ్ళీ వారం దాకా ఆ కోపాన్ని దాచుకుని, పత్రిక రాగానే ముందు ఆ పేజీకే తిప్పిన పాఠకులు ఎంతమంది ఉంటారో! సీరియల్ చదవడమంటే వారానికో తీర్పు చెప్పడం. ఆ కాయితాలను జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఉండేవారు. బైండు పుస్తకంలో కథ పక్కనే ఆ వారం కొబ్బరినూనె ప్రకటన, వెనకవైపు సగం తెగిన వంటల శీర్షిక కూడా ఉండేవి. అంత శ్రమ ఎందుకు పడ్డారంటారు? కథ తెలిసిపోయింది, ముగింపు తెలిసిపోయింది. అయినా ఆ మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. తీర్పు చెప్పేశాక కూడా ఆ మనిషితో పని అయిపోలేదన్నమాట.

మళ్ళీ చదవడంలోని సుఖం నాకు అక్కడే ఉంది. ఏం జరుగుతుందోనన్న బెంగ ఉండదు. కళ్ళు పరిగెత్తవు. అప్పుడు కథానాయకుడి భుజం మీదుగా వెనక నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. ఈయనగారి చిక్కుముడి మనసుకు, ఈవిడగారి తెగువకు ఖరీదు ఎవరు కట్టారో కనిపిస్తుంది.

గిరీశాన్నే తీసుకోండి. ‘కన్యాశుల్కం’ నాటకమే గానీ, చూసినవాళ్ళకన్నా చదువుకున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి నవలల సరసన కూర్చోబెట్టినా గురజాడ ఏమీ అనుకోరు. గిరీశమంటే మనకు తగని ముద్దు. మాటకారి, సాహసి, ఎక్కడ పడేసినా లేచి నిలబడతాడు. తెర లేవగానే వచ్చే అతని స్వగతంలో ఒక సంగతి ఉంటుంది. పూటకూళ్ళమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని 20 రూపాయలు పట్టుకుపోయి వేశ్య మధురవాణి మీద ఖర్చు పెట్టేశాడు. మనం నవ్వేస్తాం. ఆ తర్వాత మధురవాణి ఇంట్లో మంచం కింద గిరీశం, అతని పక్కనే రామప్పంతులు, చీపురు పట్టుకుని గదిలోకి వచ్చే పూటకూళ్ళమ్మ. ఇంకా గట్టిగా నవ్వుతాం. నవ్వాల్సిందే, గురజాడ నవ్వించడానికే రాశారు. కానీ నాలుగో సారో అయిదో సారో చదువుతున్నప్పుడు ఆ 20 రూపాయలు కాలికి తగులుతాయి. 1890ల విజయనగరంలో, నలుగురికి వండిపెట్టి పొట్టపోసుకునే ఒక ఆడమనిషికి 20 రూపాయలంటే ఎన్ని పూటల చాకిరీ? ఆవిడ చేతిలో చీపురు హాస్యం కోసం పెట్టిన వస్తువే. అదే ఆవిడ దగ్గర మిగిలిన ఒకే ఒక్క కోర్టు కూడా. వీధిలోంచి చీపురు పట్టుకుని నడిచివచ్చిన ఆ మనిషిని చూశాక గిరీశం మీద నాకు ఇష్టం తగ్గిందా అంటే, తగ్గలేదు. కానీ అతని మాటల వెనక వేరే ఒక గొంతు కూడా వినిపించడం మొదలైంది. నాటకం అంతకు ముందుకన్నా పెద్దదైంది.

దాస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ కూడా 1866లో పత్రికలో విడతలుగా వచ్చిందే. రస్కోల్నికోవ్ గురించి ఎన్ని చర్చలు! వడ్డీలకు తాకట్టు పెట్టుకునే ముసలమ్మను చంపడానికి అతను కట్టుకున్న సిద్ధాంతం, అది కూలిపోవడం, నిద్రలేని జ్వరం. చర్చంతా ఆ ముసలమ్మ చుట్టూ తిరుగుతుంది. అతను చంపింది ఇద్దరిని. రెండో మనిషి ఆ ముసలమ్మ సవతి చెల్లెలు లిజవేత. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండదని అనుకున్నాడు, అనుకోకుండా వచ్చింది. గొడ్డలి ఎత్తితే మొహానికి చెయ్యి అడ్డుపెట్టుకోవడం కూడా ఆమెకు సరిగా చేతకాలేదు. ఆమెను చంపడానికి ఏ సిద్ధాంతమూ లేదు. ఇక్కడిదాకా మొదటి చదువులోనే గుర్తుంటుంది. గుర్తుండనిది ఇంకొకటి. హత్య జరిగాక, అతని గది తుడిచే నస్తాస్య మాటల్లో మాటగా అంటుంది, ఆ లిజవేత ఇక్కడికి వస్తుండేది, నీ చొక్కా కూడా ఒకసారి కుట్టిపెట్టింది అని. అతను గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఆ చొక్కా సంగతి ఒకసారి కంట పడ్డాక లిజవేత ఇక పుస్తకం వదిలి పోదు. సోన్య అతనికి లాజరు కథ చదివి వినిపించే పుస్తకం ఉందే, అది లిజవేత తెచ్చి ఇచ్చింది. సోన్య మెడలోకి లిజవేత శిలువ వచ్చింది. నవల చివర, సైబీరియాలో రస్కోల్నికోవ్ తలగడ కింద ఉన్న పుస్తకం ఏదనుకున్నారు? అదే. తను చంపిన మనిషి చేతుల మీదుగా వచ్చిన పుస్తకం. అతనికి కొత్త బతుకు దొరుకుతుందా లేదా అని మనం ఉత్కంఠగా చూస్తుంటే, ఆ బతుకుకు దారి వేసినామె పుస్తకంలో అప్పటికి ఎన్నో వందల పేజీల వెనక చచ్చిపోయి ఉంది. దాస్తోయెవ్‌స్కీ దీన్ని గొంతెత్తి చెప్పడు. మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం పెట్టి వెళ్ళాడు.

ఇలా చెబుతుంటే, మీకు ఆ పాత్రలంటే ఇష్టం పోయిందా ఏమిటి అని ఒక స్నేహితురాలు అడిగింది. అసలు సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక పాత్రను ప్రేమించడం వేరు, ఆ పాత్ర తరఫున వకాల్తా పుచ్చుకోవడం వేరు. మనవాళ్ళకు రెండోది అలవాటు. కర్ణుడి విషయంలో చూడండి. 1977లో ‘దానవీరశూరకర్ణ’ సినిమా వచ్చాక అయితే మరీను, సుయోధనుడి మీద కూడా ఈగ వాలనివ్వం. కర్ణుడంటే కళ్ళు చెమర్చని తెలుగువాడు ఎవరున్నారు? అయితే సభలో ద్రౌపది మాట రాగానే గొంతు మారిపోతుంది. ఆవేశంలో అన్నాడండీ, స్నేహం కోసం అన్నాడండీ, ముందామె అవమానించలేదా అండీ అని సాక్ష్యాలు వెతుకుతాం. వ్యాసభారతం సభాపర్వంలో ఆమె వస్త్రాలు లాగమని చెప్పింది కర్ణుడే. మరి ఉద్యోగపర్వంలో కృష్ణుడితో ఏకాంతంగా మాట్లాడేటప్పుడు, దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి అన్న ఆ మాటలు ఇప్పుడు తనను కాలుస్తున్నాయని చెప్పుకున్నదీ కర్ణుడే. తన తప్పు తనకు తెలిసిన మనిషి అతను. మనం మధ్యలో దూరి ఆ తప్పు తుడిచేస్తే, ఆ పశ్చాత్తాపం కూడా తుడిచేసినట్టే. కర్ణుడి బరువంతా ఆ పశ్చాత్తాపంలోనే ఉంది. అభిమానులమని చెప్పుకుంటూ మనం అతణ్ణి తేలిక చేస్తున్నాం.

ఇందిర దగ్గరికి వద్దాం. ఆమె మీద నా అభిమానం చిన్నది కాదు. ఆమె గదిలోకి వస్తే మిగతావాళ్ళంతా మసకబారతారు. మాట దాచుకోదు. కావాల్సింది కావాలంటుంది. ఏడుపుతో సాధించదు. 1957లో తెలుగు కథానాయికకు ఇంత చోటిచ్చిన రచయిత్రికి చేతులెత్తి మొక్కాలి. కాబట్టే ఆమెకు వకాల్తా పట్టే వాదన వింటే మనసు కష్టపడుతుంది. తండ్రి అలాంటివాడు కనక ఆమె అలా తయారైందనీ, సమాజం చేసిందనీ, ఆమె నిజంగా ఎవరికీ హాని చెయ్యలేదనీ అంటారు. హాని చేసింది. కల్యాణికి చేసింది, తెలిసే చేసింది. దిక్కులేని పిల్లను ఇబ్బందిపెడుతున్నానని తెలియనంత అమాయకురాలు కాదు ఇందిర. అమాయకురాల్ని చేస్తే ఆమెను అవమానించినట్టే. శ్రీదేవి ఎక్కడా ఆమె తరఫున మనకు క్షమాపణ చెప్పదు. ఇందిర కూడా అడగదు.

కల్యాణిని మొదటిసారి చదివినప్పుడు ఉత్తమురాలని గౌరవించి పక్కన పెట్టేస్తాం. మంచివాళ్ళ గురించి ఏం మాట్లాడతాం? మళ్ళీ చదివితే, నోరు తక్కువ మనిషి కాబట్టి పట్టించుకోలేదు గానీ, ఆమె లోపల ఎంత గట్టిదో తెలుస్తుంది. తండ్రి పోయి, చదువు ఆగి, ఒకరి ఇంట్లో తలదాచుకుంటూ కూడా ఆమె ఎవరి మీదా పడిపోదు. డాక్టర్ చక్రవర్తితో పెళ్ళి ఆమెకు దక్కిన బహుమతిలా చదువుకుంటారు చాలామంది. ఆమె అప్పటికే తన కాళ్ళ మీద నిలబడి ఉందన్నది నా ఉద్దేశం.

అసలు మారిపోయేవాడు ప్రకాశం. ఎవరు చదివినా మొదట జాలిపడేది అతని మీదే. ఒక పక్క ఇందిర, ఒక పక్క మేనమామ, మధ్యలో నలిగిపోయే కుర్రాడు. మళ్ళీ చదివేటప్పుడు అతను ఒక్క పని కూడా పూర్తిగా తను నిర్ణయించుకుని చెయ్యలేదని గమనించండి. కల్యాణి వైపు మొగ్గాడు, నిలబడలేదు. ఇందిర వైపు వెళ్ళాడు, అక్కడా నిలబడలేదు. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ మోసం చేద్దామనుకోలేదు. అయినా ఇద్దరు ఆడవాళ్ళ జీవితాల్లో అతని తడబాటు గుర్తులున్నాయి. ఇందిర చేసిన చెడ్డపనికి ఒక మొహం ఉంది, ఒక పేరుంది. నిలబడి తగువు పెట్టుకోవచ్చు. ప్రకాశంతో తగువెలా పెట్టుకుంటారు? అడిగితే తల దించుకుంటాడు. మన ఇళ్ళలో, మన ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు ఇలా తల దించుకున్న మంచి కుర్రాళ్ళ వల్ల చెడిపోలేదు? మా అమ్మ ఏమంటుందో అని, మా మావయ్య ఒప్పుకోడని. శ్రీదేవి ఈ మనిషిని దుర్మార్గుణ్ణి చెయ్యలేదు. బలహీనుడిగా, పూర్తిగా మనవాడిలా ఉంచేసింది. ఇందిర గురించి గొంతులు చించుకునే చర్చల్లో అతని పేరు దాదాపు రాదు. నాకు కష్టంగా ఉండేది అదే.

ఇక్కడ ఇంకో ఇందిర గుర్తొస్తుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946-47లో ‘నవోదయ’లో సీరియల్‌గా వచ్చింది. అక్కడా కథానాయకుడు వైద్యం చదివినవాడే, దయానిధి. తల్లి గురించి లోకం అనే మాటలు అతని వెంటపడి తరుముతుంటాయి. ఎవరినీ ప్రేమించలేకపోవడం, ఎందుకు ప్రేమించలేకపోతున్నానా అని తవ్వుకోవడం అతని జీవితం. ఆ తవ్వకంలో మనమూ దిగిపోతాం. చుట్టూ కోమలి, అమృతం, సుశీల. కోమలి గురించి పేజీల కొద్దీ ఆలోచిస్తాడు, అమృతం అయితే పాఠకుల మనసులో ఇల్లు కట్టేసుకుంది. అతని భార్య పేరు ఇందిర. పెళ్ళయినా కాపురానికి రాకుండానే మధ్యలో తండ్రి కోపం అడ్డొస్తుంది. తర్వాత జబ్బు చేసి పోతుంది. ఆమె ఏమనుకుందో మనకు తెలిసేది ఎంత తక్కువో, మళ్ళీ చదివేటప్పుడు చూడండి. దయానిధి ఆత్మశోధన ఎంత అందంగా ఉంటుందంటే, ఆ వెలుగులో ఆమె కనపడదు. పదేళ్ళు గడవగానే శ్రీదేవి ఇందిర వచ్చి అంత మాట్లాడిందంటే, ఆ ఇందిర మాట్లాడనివన్నీ కూడా ఈమె మాట్లాడేసినట్టుంటుంది నాకు. ఇద్దరు రచయితలూ ఇది అనుకుని చేశారనను. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకునే పాఠకులకు మాత్రమే దొరికే సంతోషం ఇది. అందుకే చెబుతున్నాను, వీలైతే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదవండి.

వకాల్తా వద్దన్నాను గదా అని శిక్ష వెయ్యమని కాదు. ఈమధ్య అదొకటి ఎక్కువైంది. పాత్ర ఒక తప్పు చేస్తే చాలు, ఇలాంటివాళ్ళ గురించి ఎందుకు రాయాలి, ఎందుకు చదవాలి అంటున్నారు. మంచివాళ్ళను చూసి నేర్చుకోవడానికే అయితే శతకాలున్నాయి, హాయిగా చదువుకోవచ్చు. నవల పని వేరు. మన పక్కింట్లో ఇందిర ఉంటే మనం తలుపేసుకుంటాం. పుస్తకంలో ఉంది కాబట్టే మూడు వందల పేజీలపాటు ఆమెను వింటాం. అంతసేపు ఒక మనిషిని మధ్యలో అడ్డుపడకుండా వినడం ఇంకెక్కడ కుదురుతుంది చెప్పండి? విన్నాక ఆమె చేసింది తప్పేనని అనుకోవచ్చు. నేనూ అనుకుంటాను. అయినా మళ్ళీ పుస్తకం తీసి ఆమె మాటల్నే వెతుక్కుంటాను.

ఈసారి నా చేతిలో ఉన్నది ‘మైదానం’. 1927 నాటి పుస్తకం. చలం పేరెత్తగానే పక్షాలు మళ్ళీ తయారు. రాజేశ్వరి స్వేచ్ఛ అని ఒకరు, విచ్చలవిడితనం అని ఒకరు. ఈ పుస్తకంతో నా పద్ధతి పూర్తిగా పారడం లేదు. ఎందుకంటే కథ మొత్తం రాజేశ్వరే చెబుతుంది. ఆమె ప్రేమించిన అమీర్ ఎలాంటివాడో ఆమె చెప్పిందే, మీరా ఎలాంటివాడో ఆమె చెప్పిందే. ఖరీదు కట్టినవాళ్ళలో ఆమే మొదటిది, అందులో సందేహం లేదు. మరి ఆమె వదిలి వచ్చిన ఆ ప్లీడరు భర్త? అతని గురించి మనకు తెలిసిందంతా ఆమె విసుగులోంచి వచ్చిందే. అతను నిజంగా అంత జీవం లేని మనిషా, ఆమెకు అలా కనపడ్డాడా? ఆమెను నమ్ముతూనే అతన్ని చూడడానికి సందు దొరుకుతుందా? రాజేశ్వరిని ప్రేమించేవాళ్ళు ఈ ప్రశ్నకు కోప్పడతారని తెలుసు, నేనూ వాళ్ళ పక్షం మనిషినే. పెన్సిలు పట్టుకుని ఆ భర్త ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా గీత పెడుతున్నాను. మీ దగ్గర పుస్తకం ఉంటే మీరూ మొదలుపెట్టండి, ఈసారి కలిసినప్పుడు ఎవరెక్కడ గీశారో పోల్చి చూసుకుందాం.